బెంచీకి రెండో కొస

ఫిబ్రవరి 3, మంగళవారం

డాక్టరు చెప్పినదాంట్లో సగం ఇల్లు చేరేలోపే మర్చిపోతారు, రాసి పెట్టుకోండి అంది నర్సు. నేనేమీ మర్చిపోలేదు. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళాలు మూడు చోట్ల మూసుకుపోయాయి. అంతే. అయినా రాస్తున్నాను, ఎవరికీ చూపించే పని లేదు కాబట్టి.

డాక్టర్ హౌగె కాగితం మీద గుండె బొమ్మ గీసి చూపించింది. బొమ్మలు గీయడం ఆవిడకి రాదు, బంగాళాదుంపలా ఉంది.

"రెండు దారులున్నాయి," అంది. "స్టెంట్లు వేయొచ్చు. మణికట్టు దగ్గర చిన్న గాటు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. లేదా ఛాతీ తెరిచి బైపాస్. మీకు మూడు చోట్ల ఉంది, పైగా షుగర్. మేమందరం కూర్చుని మాట్లాడుకున్నాం. బైపాసే మంచిదంటున్నాం. ఎక్కువ కాలం నిలుస్తుంది."

"స్టెంట్లే వేసేయండి," అన్నాను.

"ఎందుకని?"

రెండు రోజుల్లో ఇంటికొచ్చేస్తే మా బిల్డింగులో ఎవరికీ తెలియదు. అదీ కారణం. అది చెప్పలేదు. "చిన్న పనితో పోయేదానికి పెద్ద పని దేనికి," అన్నాను.

మా ఆవిడ రాగ్నా డాక్టరు ముందు ఏమీ అనలేదు. కారెక్కాక అంది. "తుప్పు పట్టిన పైపుకి అతుకేసి పొమ్మన్నవాళ్ళని బతుకంతా తిట్టిపోశావు. ఇప్పుడు నీకు అతుకు కావాల్సొచ్చిందా, ప్లంబరు దొరా?"

ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషితో వాదించడం కష్టం. మన మాటలన్నీ వాళ్ళ దగ్గర భద్రంగా ఉంటాయి.

ఫిబ్రవరి 6, శుక్రవారం

బైపాస్. ఒప్పుకున్నాను. పంతొమ్మిదిన.

ఎవరికీ చెప్పొద్దని రాగ్నా దగ్గర మాట తీసుకున్నాను. సిగ్గుపడి కాదు. మనుషులు వచ్చి తల ఒక పక్కకి వంచి "ఎలా ఉంది?" అంటారే, ఆ గోల నాకు పడదు. ఈ బిల్డింగులో కుళాయి కారినా, మెట్ల మీద మంచు పేరుకున్నా, బరువైనదేదైనా పైకి చేర్చాలన్నా "తోర్లైఫ్‌ని పిలవండి" అంటారు. రేపటి నించి "పాపం తోర్లైఫ్" అంటారు. ఆ మాట వినడం నా వల్ల కాదు.

"మరి మనం కనపడకపోతే ఏమని చెప్పాలి?" అంది రాగ్నా.

"ఎండ కోసం దక్షిణాదికి వెళ్తున్నామని చెప్పు. కానరీ దీవులు. ఫిబ్రవరిలో ఈ చలికీ వానకీ బెర్గెన్‌లో ఉన్నవాళ్ళే వింత. వెళ్ళినవాళ్ళని ఎవడడుగుతాడు?"

ఫిబ్రవరి 18, బుధవారం

రేపు.

ఆసుపత్రిలో పక్క మంచం ఆయనకి ఆపరేషన్ ముందే అయిపోయింది. దగ్గొచ్చినప్పుడల్లా ఒక దిండుని గుండెకి గట్టిగా హత్తుకుంటున్నాడు. ఎర్ర దిండు, గుండె ఆకారం. ఎవరో పెద్దావిడలు కుట్టి ఆసుపత్రికి ఇస్తారట. దగ్గితే కోసిన ఎముక కదలకుండా ఉండడానికి. ఇంత మనిషి, గడ్డం ఉన్న మనిషి, చంటిపిల్లాడు బొమ్మని పట్టుకున్నట్టు.

నాకు మామూలు దిండు ఇమ్మని అడుగుతాను.

ఫిబ్రవరి 24

బతికే ఉన్నాను. కాలిలోంచి నాళం తీసి గుండెకి వేశారు. పాత పైపు పీకి కొత్త చోట బిగించడం. నేనైతే కస్టమరుకి అలా చేసేవాణ్ణి కాదు.

దిండు ఎర్రదే ఇచ్చారు.

మార్చి 2, సోమవారం

ఇల్లు. చీకటి పడ్డాక వచ్చాం, మెట్ల మీద ఎవరూ ఎదురుపడకుండా. రెండో అంతస్తుకి ఎక్కడానికి మధ్యలో మూడుసార్లు ఆగాను. ఆగిన ప్రతిసారీ రాగ్నా బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. ఎవరూ చూడనప్పుడు కూడా నటించింది. నా కోసమే నటించిందని ఇప్పుడు తడుతోంది.

మూడు నెలల దాకా రెండు పాల డబ్బాల కన్నా బరువైంది ఎత్తకూడదు. దేన్నీ తొయ్యకూడదు, లాగకూడదు. మంచం మీంచి చేతులు ఊని లేవకూడదు, పక్కకి దొర్లి లేవాలి. తిండి రుచి ఇనుములా ఉంది. టీవీలో వాతావరణం చెబుతుంటే ఏడుపొచ్చింది. వాతావరణానికి. అది మామూలేనట, అందరికీ వస్తుందట, నర్సు ముందే చెప్పింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మార్చి 9, సోమవారం

రాగ్నా మందుల షాపు నించి ఎండకి కాలినట్టు కనిపించే క్రీము తెచ్చింది. నేనే తెమ్మన్నాను.

"నాకు అరవై నాలుగేళ్ళొచ్చాయి," అంది పూస్తూ. "మొగుడికి రంగులేసుకుంటూ కూర్చుంటానని ఎప్పుడూ అనుకోలేదు."

"మెడకి కూడా వెయ్యి."

"వేస్తున్నా. కదలకు. గోడయితే ఈపాటికి అయిపోయేది."

మరీ ఎక్కువ వేసినట్టుంది. క్యారెట్ రంగు వచ్చింది. చెవుల వెనక తెల్లగా ఉండిపోయింది.

చెత్త పడేయడానికి కిందికి వెళ్తే విగ్దీస్ కనపడింది. మా బిల్డింగు కమిటీ అధ్యక్షురాలు, పోస్టాఫీసులో రిటైరైంది, కళ్ళు గద్దకళ్ళు. "ఎండ బాగా తగిలినట్టుందే," అంది.

"అబ్బో, చెప్పకు," అన్నాను.

చెత్త సంచీ తేలికే. అయినా రాగ్నా తీసుకెళ్తానంది. ఇవ్వలేదు.

మార్చి 20, శుక్రవారం

రోజూ నడవమన్నారు. ఇక్కడ నడిస్తే నా నడక చూసి పట్టేస్తారు. అందుకని రాగ్నా కారులో ఊరికి అవతల శ్మశానం దగ్గరికి తీసుకెళ్తుంది. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు, ఉన్నా మాట్లాడరు. ఈ జోకు నాదే. రాగ్నా నవ్వలేదు.

మార్చి 27, శుక్రవారం

కొట్టు నించి వస్తున్నాం. రాగ్నా రెండు చేతుల్లో రెండు సంచులు. నేను వెనకాల, చేతులు జేబుల్లో పెట్టుకుని. మూడో అంతస్తు ఎస్పెన్ పైనించి దిగుతూ ఆగాడు. ముప్ఫై ఏళ్ళవాడు, మంచివాడు.

"ఇటివ్వండి రాగ్నా," అని సంచులు అందుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

ఆ చూపు తీసుకొచ్చి ఇక్కడ పెడదామనుకున్నాను కానీ రాయడం రావడం లేదు. నా చేతులు ఇంకా జేబుల్లోనే ఉన్నాయి అప్పటికి. తీద్దామనుకుంటే, తీసి ఏం చెయ్యాలి?

ఏప్రిల్ 9, గురువారం

ఈ రోజు విశేషమేమీ లేదు. నడిచాం. వాన.

ఏప్రిల్ 14, మంగళవారం

ఆసుపత్రి నించి నర్సు ఫోన్ చేసింది. గాయం బాగుందా, నిద్ర పడుతోందా, ఛాతీలో టక్ టక్ మని ఏమైనా చప్పుడు వస్తోందా అనడిగింది.

లేదన్నాను.

ఏప్రిల్ 17, శుక్రవారం

కింద తలుపుకి కాగితం అతికించారు. "25, శనివారం డుగ్నాడ్. మే 17 జాతీయ దినం లోపు ఆవరణ శుభ్రం కావాలి. కాఫీ, వాఫిల్స్ ఉంటాయి."

డుగ్నాడ్ అంటే అందరూ కలిసి ఊరికే చేసే పని. ఆకులు ఊడవడం, కంచెకి రంగు వేయడం, సెల్లార్‌లో దాచిన బల్లలూ బెంచీలూ పైకి తేవడం. రమ్మని ఎవరూ బలవంతం చెయ్యరు. రాకపోతే ఎవరూ ఏమీ అనరు. ఆ అనకపోవడం ఉంది చూశారూ, అది వచ్చే ఏడాది వసంతం దాకా మెట్ల మీద ఎదురవుతూనే ఉంటుంది.

ఓక్ బెంచీ ప్రతి ఏడూ నేనూ ఎస్పెనూ పైకి తెస్తాం. నేను కింది కొస, వాడు పై కొస. బరువంతా కింది కొస మీదే పడుతుంది.

"ఇప్పుడైనా చెప్పేద్దాం," అంది రాగ్నా. "విగ్దీస్‌కి ఒక్క మాట చెబితే నిన్ను వాఫిల్స్ దగ్గర కూర్చోబెడుతుంది."

వాఫిల్స్ దగ్గర. పిండి పోసి ఆ అట్లు కాల్చే బల్ల దగ్గర ఉండేది కర్ర పట్టుకుని నడిచే ముసలమ్మలూ, నాలుగేళ్ళ నించి కింద అంతస్తు ఆర్న్‌ఫినూ. చెయ్యీ కాలూ అన్నీ బాగున్నా గరిటె పట్టుకుని నిలబడతాడు ఆ మనిషి. ఏదో రోగం ఉండే ఉంటుంది, మేమెవరం అడగలేదు.

"నేను ఆకులు లాగుతా," అన్నాను. "రేక్ బరువేం ఉంటుంది? బెంచీ సంగతి ఎస్పెన్ ఎవరినో చూసుకుంటాడు."

ఏప్రిల్ 25, శనివారం

రాగ్నా చెయ్యి విరిగింది.

ఏప్రిల్ 26, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను, ఉన్నదున్నట్టు.

నేను రేక్ పట్టుకుని గోడ పక్కన ఆకులు లాగుతున్నాను, అంటే లాగుతున్నట్టు. ఎస్పెన్ సెల్లార్ మెట్ల దగ్గర నించి, "తోర్లైఫ్, బెంచీ!" అని పిలిచాడు. అందరూ ఉన్నారు. విగ్దీస్ కంచెకి రంగు వేస్తోంది. ఆర్న్‌ఫిన్ బల్ల సర్దుకుంటున్నాడు.

నేను కదల్లేదు. వినపడనట్టు ఇంకో రెండుసార్లు రేక్ లాగాను. వాడు మళ్ళీ పిలిచాడు. అప్పుడు రాగ్నా బకెట్ కింద పెట్టి, "నేను పట్టుకుంటాలే. ఆయన్ని ఆకులు చూసుకోనీ," అంది. నవ్వుతూనే అంది.

వద్దనాలి నేను. అక్కడే, అప్పుడే. ఒక్క మాట. తల వంచుకుని ఆకుల వైపు తిరిగాను.

ఆ మెట్లకి ఎండ తగలదు, పాచి పట్టి ఉంటాయి. తను కింది కొస పట్టుకుంది, నేను పట్టుకునే చోట. మూడో మెట్టో నాలుగో మెట్టో ఎక్కేసరికి కాలు జారింది. బెంచీ పక్కకి ఒరిగింది, రాగ్నా వెనక్కి పడింది, కుడి చెయ్యి ఒంటి కింద నలిగింది. అప్పటికి నేను మెట్ల మీదికి వచ్చేశాను. నేనే అందరికన్నా ముందు వచ్చాను, అదైనా రాసుకుంటాను.

రాగ్నా నన్ను చూసి ఎడమ చెయ్యి చాపింది. లేవదియ్యమని.

నొప్పిలో మర్చిపోయి ఉంటుంది, నాకు ఆపరేషనైందని. అప్పుడు నేను నా రెండు చేతులూ తీసుకెళ్ళి నా ఛాతీ మీద పెట్టుకున్నాను. అలా నిలబడిపోయాను, నా సొమ్ము ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

"లేవదియ్యవయ్యా మనిషిని," అంది విగ్దీస్ వెనక నించి.

లేవదియ్యలేదు. ఎస్పెన్ బెంచీ దాటి దూకి లేవదీశాడు. వాడి కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ముందు సీటులో రాగ్నా, వెనక విగ్దీస్. పక్కన చోటుంది. విగ్దీస్ తలుపు వేసేసింది. నేను బస్సులో వెళ్ళాను.

డుగ్నాడ్ మధ్యలో ఆగిపోయింది. మిగతాది బుధవారం సాయంత్రమట. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, కాగితం చూసి తెలుసుకున్నాను.

ఏప్రిల్ 27, సోమవారం

కుడి చెయ్యి వేళ్ళ దాకా కట్టు. ఇద్దరికీ కలిపి బరువు మోసే చెయ్యి ఒక్కటుంది, అదీ ఎడమది. పొద్దున జామ్ సీసా మూత రాలేదు. నేను సీసా పట్టుకున్నాను, తను మూత తిప్పింది. రాలేదు. జామ్ లేకుండా తిన్నాం. ఇంకోసారైతే నవ్వుకునేవాళ్ళం.

తలుపు బయట ఎవరో రొట్టె సంచీ పెట్టి వెళ్ళారు. పైన కాగితం ముక్క. "రాగ్నాకి."

ఎస్పెన్ మెట్ల మీద కనపడ్డాడు. నేను హలో అన్నాను. వాడు ఫోన్ చూసుకున్నాడు. ఫోన్‌లో ఏమీ లేదు, తెర నల్లగా ఉంది.

మంచిదే. నన్ను చేతకానివాడనుకోవడం కంటే రాతిగుండెవాడనుకోవడమే నయం.

పైన రాసింది మళ్ళీ చదివాను. ఇది రాసింది నేనేనా? పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టుకుని పక్క గదిలో పడుకుంటే, నాకు ఏ పేరు నప్పుతుందో ఎంచుకుంటున్నాను.

ఏప్రిల్ 28, మంగళవారం

విగ్దీస్ వచ్చింది. నన్ను చూసి, "రాగ్నాతో మాట్లాడాలి," అంది. వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు నా వైపు చూడలేదు.

రాగ్నా బల్ల దగ్గరే కూర్చుని ఉంది. ముందు ఒక కార్డు ఉంది, ఏదో ఫోన్ నంబరు.

"ఏమంటుంది?" అన్నాను.

"నువ్వు నన్ను కొడతావా అనడిగింది."

నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

"మెల్లగా అడిగింది," అంది రాగ్నా. "నా చెయ్యి పట్టుకుని అడిగింది. మంచి మనిషి. మార్చి నించీ చూస్తోందట. సంచులు నేను మోస్తున్నాను, నువ్వు వెనక చేతులూపుకుంటూ వస్తున్నావు. నేను ఎవరింటికీ కాఫీకి వెళ్ళడం లేదు. ఏమడిగినా తడబడుతున్నాను. పడిపోతే చెయ్యి అందించలేదు. ఇవన్నీ కలిపి చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు, నువ్వే చెప్పు."

"నువ్వేం చెప్పావు?"

"లేదని చెప్పాను. నమ్మలేదు. కొట్టించుకునేవాళ్ళు కూడా లేదనే చెబుతారట. ఈ నంబరు అలాంటి ఆడవాళ్ళ కోసమట." కార్డుని వేలితో నా వైపు జరిపింది. "నీ కోసం దక్షిణాదికి వెళ్ళొచ్చాను. నీకు రంగేశాను. బెంచీ మోశాను. అవన్నీ చేస్తాను, మళ్ళీ అయినా చేస్తాను. కానీ ఒకటి చెప్పు తోర్లైఫ్. ముప్ఫై ఏళ్ళలో నా మీద చెయ్యెత్తని మనిషిని కొట్టేవాడనుకోనివ్వాలా నేను, నీకు గుండె జబ్బని తెలియకుండా ఉండడానికి? దానికన్నా ఇదే నయమా నీకు?"

నేను ఏడ్చాను. ఈసారి వాతావరణానికి కాదు.

తర్వాత చెప్పాను తనకి. ఏప్రిల్ 9న విశేషమేమీ లేదని రాశాను. ఉంది. ఆ రోజు తను కార్లోంచి నీళ్ళ సీసాల పెట్టె దించుతుంటే మెట్ల మీద ఎస్పెన్ అడుగుల చప్పుడైంది. తను తలుపు తీయడానికి తిరిగినప్పుడు పెట్టె నేనెత్తుకున్నాను. వాడు చూసేలా. తను ఇటు తిరిగేలోపు దించేశాను. ఛాతీ మధ్యలో టక్ మంది. అప్పటి నించీ పక్కకి తిరిగితే టక్ మంటోంది. నర్సుకి లేదన్నాను. రాగ్నాకి చెప్పలేదు. ఇక్కడ కూడా రాయలేదు. నాకు నేనే అబద్ధం రాసుకున్నాను, ఎవరు చదువుతారని?

"టక్ మంటోందా," అంది రాగ్నా. ఎడమ చేత్తో ఫోన్ అందుకుంది.

ఏప్రిల్ 30, గురువారం

నిన్న పొద్దున ఆసుపత్రి. స్కాన్ తీశారు. ఎముకని కట్టిన తీగలు తెగలేదు, ఎముక అతుక్కోవడం మాత్రం వెనకబడింది. "ఏం ఎత్తారు?" అంది డాక్టర్ హౌగె. చెప్పాను. "ఎందుకు ఎత్తారు?" అంది. అదీ చెప్పాను. ఆవిడ కాసేపు పెన్ను మూత పెట్టి తీసి, "ఛాతీ మళ్ళీ తెరవాల్సి వచ్చేది, తెలుసా," అంది. వేసవి మధ్య దాకా బరువులు లేవు.

సాయంత్రం కింద డుగ్నాడ్ మొదలైంది. కిటికీలోంచి కనపడుతున్నారు. బెంచీ ఇంకా సెల్లార్ మెట్ల మీదే ఉంది, పడ్డచోటే.

"నేను రానా?" అంది రాగ్నా.

"వద్దు. ముందు నేను వెళ్తాను."

దిండు చంకలో పెట్టుకున్నాను. కోటు కింద పెడదామని ఒక క్షణం అనిపించింది. పెట్టలేదు. ఎర్రటి గుండె దిండు పట్టుకుని నేను మెట్లు దిగుతుంటే నా అడుగులు నాకే వినపడుతున్నాయి.

పనిచేస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. ఎవరూ పలకరించలేదు. నేను ఏదో బాగా చెప్పాలని మెట్ల మీద తయారుచేసుకున్నాను. అదంతా పోయింది.

"నాకు ఫిబ్రవరిలో గుండె ఆపరేషనైంది," అన్నాను. "ఛాతీ కోశారు. కానరీ దీవులకి వెళ్ళలేదు. చెప్పడానికి సిగ్గేసింది. రాగ్నాని లేవదియ్యలేక కాదు, భయమేసి లేవదియ్యలేదు. తను మీకు చెప్పిన అబద్ధాలన్నీ నావే."

వాన చినుకులు మొదలయ్యాయి. ఎవరూ ఏమీ అనలేదు. మా ఊళ్ళో మంచికైనా చెడ్డకైనా ముందు ఇదే.

"మరి ఆ రంగు?" అన్నాడు ఎస్పెన్ చివరికి.

"రాగ్నా పూసింది."

వాడు పెదవి కొరుక్కున్నాడు. ఆపుకోలేకపోయాడు. ఇంకెవరో కూడా నవ్వారు. "నాకు క్యారెట్లు తిన్నాడేమో అనిపించింది," అంది వెనక నించి ఒకావిడ. నా ముఖం కాలిపోతోంది, ఈసారి క్రీము లేకుండానే.

విగ్దీస్ నవ్వలేదు. రంగు బ్రష్షు డబ్బాలో పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "శనివారం నించీ నాకు నిద్ర లేదు," అంది. "నీ గురించి ఏమేం అనుకున్నానో నీకు తెలియదు."

"తెలుసు," అన్నాను. "రాగ్నా చెప్పింది. అడిగి మంచి పని చేశావు."

"నీకు నోరుందిగా? గుండెకి కోత పెట్టారు కానీ నోటికి కాదుగా?"

"లేదు."

"అయితే ఇంకోసారి దాన్ని వాడు." బల్ల వైపు వేలు చూపించి గట్టిగా అంది, "వెళ్ళు. వాఫిల్స్ దగ్గరికి."

వెళ్ళాను. ఆర్న్‌ఫిన్ పక్కకి జరిగి చోటిచ్చాడు. పిండి గిన్నె నా ముందు పెట్టాడు. తర్వాత నాలుగేళ్ళ నించీ అడగనిది అడిగాను.

"నీకేమైంది?"

"నాకా? ఎప్పుడు?"

"బెంచీలవీ ఎత్తవు కదా. నడుమా? గుండేనా?"

"నాకేమీ కాలేదు," అన్నాడు ఆర్న్‌ఫిన్. "వాఫిల్స్ వేయడం ఇష్టం. బరువులంటే విసుగు."

నేను వాడి ముఖం చూశాను. హాస్యమాడడం లేదు. నాలుగేళ్ళ నించీ ఈ మనిషి తనకిష్టమని ఇక్కడ నిలబడ్డాడు. మేమందరం జాలిపడ్డాం.

పెనం తెరిచి చూపించాడు. అయిదు రేకులు, ఒక్కోటీ ఒక గుండె. "నీకు ఒక్క గుండె బాగుచెయ్యడానికి అంత మంది డాక్టర్లు కావాల్సొచ్చింది," అన్నాడు. "నేను గరిటెడు పిండితో అయిదు చేస్తా."

నా మొదటిది మాడింది. పొగ గొంతులో పడి దగ్గొచ్చింది. ఆగని దగ్గు. అందరి ముందూ దిండు తీసి రెండు చేతులతో ఛాతీకి హత్తుకున్నాను, ఆసుపత్రిలో ఆ గడ్డం ఆయన లాగే. దగ్గు ఆగేదాకా అలాగే ఉన్నాను. ఆర్న్‌ఫిన్ గరిటె అందుకుని నా వంతు వేశాడు. ఎస్పెనూ ఇంకొకతనూ బెంచీ మోసుకుంటూ మా ముందు నించే వెళ్ళారు. కింది కొస వేరేవాళ్ళు పట్టుకున్నారు. చూడడం కష్టంగానే ఉంది, అబద్ధమెందుకు. ఎక్కడ పెట్టాలని ఎస్పెన్ నన్నే అడిగాడు. ప్రతి ఏడూ పెట్టే చోటే, గోడవార అన్నాను.

అప్పుడు రాగ్నా దిగొచ్చింది. కిటికీ తీసి ఉంచి అంతా విందట. కోటు ఒక చేతికే తొడుక్కుంది, రెండోది భుజం మీంచి వేలాడుతోంది. విగ్దీస్ వెళ్ళి దాన్ని సర్దింది. ఇద్దరూ ఏదో అనుకున్నారు, నాకు వినపడలేదు. రాగ్నా బెంచీ మీద కూర్చుంది. నేను మాడిన వాఫిల్ తీసుకెళ్ళి ఇచ్చాను, బాగున్నవి పక్కన ఉన్నా. ఎందుకో అదే ఇవ్వాలనిపించింది. తింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

అందరూ లోపలికి వెళ్ళడం మొదలుపెట్టారు. బెంచీ ఎత్తు తక్కువ, ఒంటి చేత్తో లేవడం కష్టం. రాగ్నా నన్ను చూసి ఎడమ చెయ్యి చాపింది.

నా చేతులు మళ్ళీ ఛాతీ మీదకి వెళ్ళబోయాయి. తను చూసింది.

"లాగొద్దు," అంది. "నేనే లేస్తా. ఊరికే పట్టుకో."

దిండు బెంచీ మీద పెట్టి, పట్టుకున్నాను.